ముందటి అర్రలో రంగుల మిషన్

జనగామ,
జూన్ మొదటి వారం.

వదినకు, నీ ఆడబిడ్డ ఎస్తేరు వందనాలు.

ఫోన్ చేతిలో ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో, కానీ ముందు కవరులోని రెండు ఫోటోలు బయటికి తియ్యి. రెండింటిలోనూ ఉన్నది మా ఆయనే, నీకు వరసకు తమ్ముడు అఖిల్. ఒకటి ఇంకు ప్రింటర్ మీద తీయించాను, ఇంకొకటి కలర్ లేజర్ ప్రింటర్ మీద. ఏది ఏదో వెనకాల పెన్సిల్‌తో రాశాను. ఇవే ఫోన్‌లో పంపితే నీకు కనిపించేది నీ ఫోన్ రంగు, కాగితం రంగు కాదు. అందుకే పోస్టు. ఇంకో కారణం కూడా ఉంది. నేను ఫోన్ పట్టుకుంటే చాలు, మా అత్తమ్మ టీవీ సౌండ్ తగ్గించి చెవులు ఇటు పెడుతుంది.

సంగతి మొదటి నుంచి చెప్తాను. మన మందిరంలో పిల్లల ఎండాకాలం బడికి ఫోటోలు తీసిన దగ్గర్నుంచి మా కాలనీ వాళ్లు పుట్టినరోజులకు, ఎంగేజ్‌మెంట్లకు నన్నే పిలుస్తున్నారు కదా. తీయడం వరకు నా చేతిలో పని. ప్రింటు మాత్రం హన్మకొండ పంపాలి. అది వచ్చేసరికి పుట్టినరోజు పిల్లకు పాత పళ్లు ఊడి కొత్తవి మొలుస్తున్నాయి. ఇంట్లోనే ప్రింటర్ ఉంటే తీసిన నాడే చేతిలో పెట్టొచ్చు. దానికి మా ముందటి అర్ర కావాలి. రోడ్డు మీదికి తలుపు ఉన్న గది అదొక్కటే.

ఇప్పుడు పంచాయితీ అంతా దాని మీదే. అత్తమ్మ తమ్ముని కొడుకు శ్రీపాల్ ఎరువుల దుకాణం పెట్టాడు, బస్తాలు వేసుకోవడానికి ఆ అర్ర అడిగాడు. మీ తమ్ముడు నన్ను ఒక్క మాట అడగకుండా సరే అనేశాడు. నేను కంచం ముందు కూర్చుని ఏడ్చాను. అన్నం మీద అలిగితే ఎవరికి నష్టమో నాకు తెలుసు, అయినా ఏడుపు ఆగలేదు. అప్పుడు అత్తమ్మ తీర్పు చెప్పింది.

"శ్రీపాలూ, తీజ్ పండుగ దాక ఆగు. ఎస్తేరూ, నువ్వు తండోళ్లకు మాటిచ్చినవ్ గద. పండుగనాటి ఫోటోలు పండుగనాడే ఆ పిల్లల చేతుల పెట్టు, అర్ర నీది. పెట్టకపోతె బస్తాలు దిగుతయ్. అప్పుడు నువ్వు నోరు తెరవద్దు."

ఆ మాట అన్న తీరు చూస్తే నాకు ఒళ్లు మండింది. ఇల్లు ఆమె పేరు మీదే ఉంది, మామయ్య పోయాక ఈ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. అందుకే కంచం తీసుకుని లేచిపోయాను.

తండా అంటే నర్మెట్ట దగ్గరి లంబాడీ తండా. అక్కడ తీజ్ ఎలా చేస్తారో నువ్వు చూడలేదేమో. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు వేసి, మంచె మీద పెట్టి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోసి మొలకెత్తిస్తారు. ఆఖరి రోజు చెరువులో కలుపుతారు. పోయిన సంవత్సరం ఎవరో వచ్చి ఫోటోలు తీసుకుని పోతే దీపావళి దాటాక అందాయట. తండా పెద్ద రామక్క నాతో అంది, "బిడ్డా, పండుగ ఫోటో పండుగనాడే సూడాలె. మొలక నీళ్లల్ల కలిపినంక సూస్తె ఏముంటది?"

నేను సరే అన్నాను. ఇప్పుడు నువ్వు చెప్పు. ఇంకు కొననా, లేజర్ కొననా? బడి ఆఫీసులో నువ్వు రెండింటితోనూ కాపురం చేస్తున్నావు, వాటి గుణాలు నీకే తెలియాలి.

నీ
ఎస్తేరు


భూపాలపల్లి,
జూన్ మూడో వారం.

మరదలు ఎస్తేరుకు, సుజాత వదిన దీవెనలు.

ఫోటోలు చూశాను. లేజర్ ఫోటోలో మా తమ్ముడు సున్నం వేసిన గోడలా ఉన్నాడు. చెంప ఎక్కడ ఆగిందో, ముక్కు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఇంకు ఫోటోలో అయితే గడ్డం గీసుకున్నప్పుడు తెగిన గాటు కూడా కనిపిస్తోంది. మీ అన్న బొగ్గు బాయి నుంచి డ్యూటీ దిగి వస్తే రెండూ ముందర పెట్టాను. లేజర్ ఫోటో చూపించి, "గీ పిలగాడు ఎవడు, మన అఖిల్ తమ్ముడా?" అని అడిగాడు. అఖిల్‌కు తమ్ముడు లేడన్న సంగతి ఆయనకు తెలియక కాదు.

విషయం ఇది. లేజర్ ప్రింటర్ రంగు పొడిని కాగితం మీద పరిచి వేడి రోలర్‌తో అతికిస్తుంది. ఇంకు ప్రింటర్ కంటికి కనపడనంత సన్నటి చుక్కలు చల్లుతుంది. మనిషి మొహానికి చుక్క కావాలి. ఫీజు రసీదుకు పొడి చాలు. నీది ఫోటోల పని కాబట్టి నా మాట ఇంకుకే.

అయితే ఒక్క మాట దాచకూడదు. మా బడి ఇంకు ప్రింటర్ ఎండాకాలం సెలవుల్లో పని లేక పడుకుంటే దాని సన్నటి నోళ్లన్నీ ఎండిపోయాయి. జూన్‌లో మీటను నొక్కితే ఎరుపు రాలేదు. మా హెడ్‌మాస్టర్ ఫోటో పచ్చకామెర్లు వచ్చినట్టు వచ్చింది, ఆయన అదే ఫోటోతో గుర్తింపు కార్డు వేసుకుని తిరుగుతున్నాడు. లేజర్ అలా కాదు, నెలలు వదిలేసినా లేచి నిలబడుతుంది. మొరటుది, కానీ మాట వింటుంది.

అయినా నా మాట నాదే. పందెం వేసుకుందాం. నువ్వు లేజర్ కొని నెగ్గితే, ఈ క్రిస్మస్‌కు మందిరంలో అందరి ముందు నిలబడి, మా మరదలు నాకన్నా తెలివిగలది అని చెప్తాను. ఓడితే నువ్వు చెప్పాలి. ఊరికే తల ఊపి కూర్చోవడం కుదరదు, నోటితో చెప్పాలి.

మీ అత్తమ్మను, అదే నా వరసకు పెద్దమ్మను, అడిగానని చెప్పు. ఆమె మీద కోపం పెట్టుకోకు.

నీ
సుజాత వదిన


జనగామ,
జూలై మొదటి వారం.

వదినకు, ఎస్తేరు రాస్తున్నది.

లేజరే కొన్నాను. క్రిస్మస్‌కు ఏ చీర కట్టుకుని నిలబడతావో ఇప్పుడే చూసుకో.

నీ మాట కాదని కాదు, నీ మాట వల్లే కొన్నాను. నాకు పని ఎలా వస్తుందో నీకు తెలుసు. ముహూర్తాలు ఉంటే ఊపిరాడదు, ఆషాఢం వస్తే కెమెరా సంచికి బూజు పడుతుంది. అలాంటి ఇంట్లో ఇంకు పెడితే మీ హెడ్‌మాస్టర్ కామెర్లు మా కాలనీ అంతా అంటుకుంటాయి.

ఇంకో సంగతి కూడా జరిగింది. ఇక్కడి కంప్యూటర్ షాపతను "ఫోటోలకు లేజర్ ఎందుకక్కా" అని చాలాసేపు వాదించాడు. అతనితోనే నేను తీసిన ఫోటో ఒకటి రెండు మిషన్ల మీదా ప్రింటు తీయించాను. తండాలో ఒక అమ్మాయి అద్దాల రవికె, ఘాగ్రా వేసుకుని నిలబడ్డ ఫోటో అది. రెండూ తీసుకెళ్లి రామక్క చేతిలో పెట్టాను. ఏది ఏ మిషనుదో చెప్పలేదు. ఆమె లేజర్‌ది పట్టుకుని ఇంకోటి నాకు తిరిగి ఇచ్చేసింది.

"గీ ఎరుపే మా ఎరుపు," అంది.

మొహం ఇంకోదాంట్లోనే బాగుంది కదా అన్నాను. రామక్క నా వంక జాలిగా చూసింది. "మా పిల్ల మొకం మాకెర్క లేదా బిడ్డా? గా రవికె కుట్టనీకి పిల్ల తల్లి కండ్లు పోగొట్టుకున్నది. గా కుట్టు కనవడాలె, గా అద్దాలు కనవడాలె."

ఇక నేను అడిగేదేముంది? ప్రింటర్‌ను మీ తమ్ముడు తన ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. ఇద్దరు మోసినా నడుము పట్టుకునేంత బరువు. ముందటి అర్ర తేలేదాకా దాన్ని నడిమింట్లోనే పెట్టాను. మొదటిసారి ఆన్ చేస్తే వేడెక్కడానికి కరెంటు ఒక్కసారిగా గుంజుకుంది. లైట్లు గుడ్డివయ్యాయి, ఫ్యాన్ ఈడ్చుకుంది, అత్తమ్మ సీరియల్ ఆరిపోయింది. అప్పుడే అందులో కోడలు అత్త మీద కేసు పెడుతోందట.

"ఎస్తేరూ, నీ మిషన్ ఊపిరి గుంజుకుంటె నా టీవీ ఊపిరి పోతాంది," అంది అత్తమ్మ. అని ఊరుకోలేదు. లేచి వచ్చి ప్రింటర్ చుట్టూ తిరిగి, బయటికొచ్చిన కాగితం మీద వేలు పెట్టి రుద్ది చూసింది. రంగు అంటలేదు. వేలు తిప్పి చూసుకుని పోయి కూర్చుంది. ఆమె మనసులో ఏముంటుందో నాకు ఈ ఇంట్లో ఇన్నేళ్లయినా పట్టుబడలేదు.

ఒక్కటే లోటు. ఫోటోకు మెరుపు లేదు. రంగు ఉంది, నిలకడ ఉంది, కానీ పెళ్లి ఆల్బమ్‌లో ఉండే ఆ నిగనిగ లేదు. దానికేమన్నా ఉపాయం ఉంటే చెప్పు, నిన్ను పందెంలో కొంచెం మర్యాదగా ఓడిస్తాను.

నీ
ఎస్తేరు


మహబూబాబాద్,
జూలై మూడో వారం.

ఎస్తేరుకు,

పుట్టింటికి వచ్చాను. మా అమ్మకు మోకాలి నొప్పి, దవాఖానకు తిప్పుతున్నాను. భయపడేది ఏమీ లేదు, నొప్పి కన్నా ఎక్కువ ఆమెను డాక్టర్ చెప్పిన పథ్యమే బాధపెడుతోంది.

నీ పని మరచిపోలేదు. మా ఇంటి పక్క దామోదరన్న స్టూడియోకు పోయాను. పెళ్లిళ్లకు ఈయన కెమెరా లేకపోతే బంధువులు భోజనానికి కూడా కూర్చోరు, అంత పేరు. నువ్వు లేజర్ కొన్నావంటే కళ్లు మూసుకుని తల ఆడించాడు, ఎవరో పోయారని విన్నట్టు. తర్వాత తేరుకుని అన్నాడు, "అయిందేదో అయింది సెల్లె. మిషన్ల ఏముంటది, అంతా కాయిదంల ఉంటది. గీ మెరుపు కాయిదం పంపు. గిది పడితె గాడిద ఫోటో గూడ గుర్రం లెక్క వస్తది."

ఆయన స్టూడియోలో లేజర్ లేదు, ఉన్నదంతా ఇంకే. అయినా ఇంత అనుభవం ఉన్న మనిషికి తెలియనిదేముంటుంది? ఆయన వాడే మెరుపు ఫోటో కాగితం ఒక పెట్టె కొని నీకు పార్సిల్ చేశాను. దళసరిగా, అద్దంలా ఉంది. పందెంలో నా ప్రత్యర్థికి నేనే కత్తి నూరి పంపుతున్నాను, నా మంచితనం గుర్తుపెట్టుకో.

నీ
సుజాత వదిన


జనగామ,
జూలై ఆఖరు.

వదినకు,

కాగితం అందింది. బాగా మెరుస్తోంది. ఇక్కడ అందరం క్షేమం. వానలు బాగానే పడుతున్నాయి. మీ అమ్మకు మోకాలు నయమైందని తలుస్తాను. అన్నకు వందనాలు చెప్పు. తీజ్ దగ్గర పడింది. పని ఉంది, ఉంటాను.

ఎస్తేరు


భూపాలపల్లి,
ఆగస్టు మొదటి వారం.

ఎస్తేరూ,

నీ ఉత్తరం చదివి అన్నం తినబుద్ధి కాలేదు. నువ్వు కోపంగా రాస్తే నేను భయపడను. వెక్కిరిస్తే అసలే భయపడను. వానలు పడుతున్నాయని రాశావు చూడు, అక్కడ భయపడ్డాను.

ఆ కాగితం మిషన్ లోపల కరిగిపోయింది కదా? నాకెట్లా తెలిసిందని అడగకు. అడిగినా చెప్పను, ఒకరికి మాటిచ్చాను.

మా బడికి ప్రింటర్లు బాగుచేయడానికి వచ్చే కట్టయ్యను పట్టుకుని అడిగాను. అతను నెత్తి పట్టుకున్నాడు. ఇంకు ఫోటో కాగితం మీద మెరుపు కోసం ఒక పూత ఉంటుందట. ఇంకు చల్లగా పడుతుంది కాబట్టి దానికేం కాదు. లేజర్ రోలర్ వేడికి ఆ పూత పాల మీది మీగడలా లేచి రోలర్‌కు చుట్టుకుంటుందట. తెలిసిన వాళ్లెవరూ అలా పెట్టరన్నాడు. తెలిసిన వాళ్లు మనకు ఇద్దరున్నారు కదా, నేనూ దామోదరన్నా. అందుకే పెట్టించాం.

తప్పు నాది. మిషన్ కొన్నది నువ్వు, వద్దన్నది నేను, చివరికి దాని పొట్ట పాడుచేసింది కూడా నేనే. నువ్వు నన్ను తిట్టకుండా కడుపులో పెట్టుకున్నావు, దానికి నాకు ఇంకా సిగ్గేసింది. ఇంకెప్పుడూ అలా చేయకు. వదినను తిట్టుకునే హక్కు ఆడబిడ్డకు పుట్టుకతో వస్తుంది, దాన్ని ఎవరి కోసం వదులుకున్నావు?

ఇప్పుడు విను. ఆదివారం ఆరాధన అయ్యాక మీ అన్న కట్టయ్యను వెంటబెట్టుకుని మీ ఇంటికి వస్తున్నాడు. కొత్త రోలర్ దొరికింది. లేజర్ కోసమే చేసిన దళసరి కాగితం కూడా పంపుతున్నాను, పెట్టె మీద ఆ మాట ఉందో లేదో మూడుసార్లు చదివించి కొన్నాను. మెరుపు కొంచెం తక్కువే. ఉన్న మెరుపుతో సర్దుకో.

ఒకవేళ మిషన్ లేవకపోతే తండాలో నీ మాట పోకూడదని ఇంకో పని చేశాను. బుట్టల కోసం తీగ తెచ్చిన రోజు పిల్లలంతా కలిసి దిగిన గుంపు ఫోటో నాకు ఫోన్‌లో పంపావు కదా. దాన్ని దామోదరన్న ఇంకు మిషన్ మీద పెద్దగా తీయించి బస్సులో తెప్పించాను. మీ అన్న తెస్తాడు. అవసరం పడకూడదని ప్రార్థన చేస్తున్నాను. ఇంకు గెలవకూడదని నేను ప్రార్థన చేసే రోజు వస్తుందనుకోలేదు.

నీ
వదిన


జనగామ,
తీజ్ మర్నాడు.

మా వదినకు, మా అన్న పెళ్లామని కాదు, నా వదిన అని రాస్తున్నాను.

కూర్చుని చదువు. పొయ్యి మీద ఏదన్నా ఉంటే దించి చదువు.

ఆదివారం కట్టయ్య మిషన్ విప్పితే రోలర్ చుట్టూ నువ్వు చెప్పిన మీగడ గట్టిపడి ఉంది. కొత్తది వేసి మూత పెట్టి మీట నొక్కాడు. లైట్లు గుడ్డివయ్యాయి, టీవీ ఆరిపోయింది, కాగితం బయటికొచ్చింది. టీవీ ఆరితే నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. 

నిన్న పొద్దున్నే తండాకు పోయాం. పిల్లలంతా తయారై ఉన్నారు. ఎండ పడితే ఆ అద్దాల వెలుగు గుడిసెల గోడల మీద ఆడింది. ఒక్కో పిల్లను బుట్టతో నిలబెట్టి తీశాను. అందరి ఫోటోలు అయ్యాక మీ తమ్ముడు ట్రాలీ ఆటో ఎలా నడిపాడో నన్నడగకు, నేను కళ్లు మూసుకుని కెమెరా పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ టీవీ తీగ పీకేసి ఉంది. ఫ్రిజ్ కూడా బంద్ చేసింది. ఫ్యాన్ బంద్ చేసి, చెమటలు కారుతుంటే అట్టముక్కతో విసురుకుంటూ కూర్చుంది. "ఏంది అట్ల సూస్తవ్? నీ మిషన్‌కు కరెంటు సాలదని నువ్వే గదా అంటవ్. కానియ్," అంది. ఒక్కో ఫోటో బయటికొస్తుంటే తీసి, వేడి తగ్గాలని మంచం మీద వరసగా పరిచింది. చివరికి పొట్లం కట్టి, "గిది నేను పట్టుకుంట, నువ్వు కెమెరా పట్టుకో," అని మాకన్నా ముందే పోయి ఆటోలో కూర్చుంది.

తండాకు తిరిగి చేరేసరికి డప్పులు మోగుతున్నాయి, బుట్టలు ఇంకా మంచె మీదే ఉన్నాయి. ఫోటోలు ఎవరివి వారి చేతిలో పెట్టాను. వదినా, ఆ నవ్వులు నువ్వు వినాల్సింది. ఒక తల్లి తన బిడ్డ ఫోటోలో రవికె మీది ఒక్కో గవ్వనూ వేలితో తడిమింది. మొహం వంక అన్నిటికన్నా చివర చూసింది. రామక్క చెప్పింది నిజమే.

నువ్వు పంపిన గుంపు ఫోటో కూడా ఇచ్చాను. అందంగా ఉంది, మెరుస్తోంది, దాన్ని మంచెకే కట్టారు. అక్కడిదాకా అంతా నేను అనుకున్నట్టే జరిగింది. ఫోటోలు ఇంటికి తీసుకెళ్లి అద్దం వేసి గోడకు పెట్టుకుంటారనుకున్నాను.

రామక్క వచ్చి పిల్లల చేతుల్లోంచి ఫోటోలు తీసుకుంది. ఒక్కోటీ ఆ పిల్ల బుట్టలో, మొలకల మధ్య నిలబెట్టింది. ఆడవాళ్లంతా పాట ఎత్తుకున్నారు, బిందెలు లేచాయి. చెరువుకు పోయే ముందు ఆఖరి నీళ్లు. మొలకలకు పోసినట్టే ఫోటోలకూ పోశారు.

నేను "అయ్యో వద్దు" అని అరిచాను. డప్పుల్లో ఎవరికీ వినపడలేదు. బుట్టల దిక్కు ఉరకబోయాను. అత్తమ్మ నా మోచేయి పట్టుకుంది.  వదినా, అర్ర పోతుందని కూడా ఆ క్షణంలో గుర్తులేదు. ఆ పిల్లల మొహాలు కారిపోతాయనే నా భయం.

ముందు కారింది మంచెకు కట్టిన ఫోటో. ఎరుపు, నీలం కలిసి కింద ఉన్న మొలకల మీద పడ్డాయి. ముందు వరస పిల్లలకు మొహాలు లేకుండా పోయాయి. నన్ను క్షమించు, అది నీ ఫోటోనే.

నావి కారలేదు. చేమాకు మీద నీళ్లు నిలబడ్డట్టు వాటి మీద చుక్కలు నిలబడ్డాయి. రామక్క ఒకటి తీసి పైట చెంగుతో తుడిచింది. పసుపు చేత్తోనే తుడిచింది, పసుపు అంటింది, మళ్లీ తుడిస్తే పోయింది. కింద రంగు రంగులాగే ఉంది. కాగితం అంచులు కొంచెం ఉబ్బాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి? పిల్లల మొహాలు మాత్రం చెక్కుచెదరలేదు.

"అక్కా, ఫోటోలకు నీళ్లెందుకు పోసినవ్? ఖరాబయితె?" అని అడిగాను. 

"మాకు పండుగంటేనే నీళ్లు బిడ్డా," అంది రామక్క. "నీళ్లకు ఆగనిది మా ఇంట్ల ఎట్ల ఉంటది? నీదాగింది. వచ్చేయేడు గూడ నువ్వే రావాలె."

అత్తమ్మ అక్కడే, ఆ డప్పుల మధ్యే ఫోన్ తీసి శ్రీపాల్‌కు చేసింది. "శ్రీపాలూ, బస్తాలకు వేరే సోటు సూస్కో. ఆ అర్ర మా కోడలిది," అని గట్టిగా అరిచి చెప్పింది. తండా అంతా విన్నది. మీ తమ్ముడు కూడా విన్నాడు. రాత్రి అన్నం తినేటప్పుడు, నిన్ను అడగకుండా సరే అన్నందుకు తప్పయింది అన్నాడు. ఊరికే వదలకూడదని ఇంకో రెండుసార్లు అనిపించాను.

గెలిచాను వదినా. నీ రోలర్‌తో గెలిచాను. అర్రకు ఈ పొద్దు నేనే సున్నం వేస్తున్నాను, వేళ్లకు అంటిన తెలుపు ఈ కాగితం మీద కూడా పడింది చూడు.

నీ
ఎస్తేరు


భూపాలపల్లి,
ఆగస్టు ఆఖరు.

తెలివిగల మరదలికి,

నీ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించాను. గుంపు ఫోటో కారిన దగ్గర ఆయన మంచం మీద పడి నవ్వాడు. దామోదరన్నకు ఫోన్ చేసి చెప్తే రెండుసార్లు మళ్లీ చెప్పించుకున్నాడు. తర్వాత, "ఫోటో మీద నీళ్లు ఎవరు పోస్తరు సెల్లె?" అన్నాడు. మా జనగామ దిక్కు పోస్తరన్నా, అన్నాను.

పందెం ఓడాను. క్రిస్మస్‌కు నిలబడతాను. కానీ నిలబడే ముందు నీకు చెప్పాల్సింది ఒకటి ఉంది. మాటిచ్చాను నిజమే, ఇప్పుడు మాట తప్పుతున్నాను. అర్ర తేలేదాకా చెప్పవద్దన్నది ఒప్పందం, అర్ర తేలింది.

మీ ఇంట్లో కాగితం కరిగిన సంగతి నాకు చెప్పింది పెద్దమ్మ. నువ్వు బావి దగ్గరికి పోయి ఏడ్చావని కూడా చెప్పింది. అది మొదటి ఫోన్ కాదు. జూన్‌లో నీ ఉత్తరం నాకు చేరకముందే ఆమె ఫోన్ చేసింది. ఆమె మాటలే రాస్తున్నాను.

"బిడ్డా, ఒక్కసారె కాదంటె మా అల్లుడు శ్రీపాల్ అల్గుతడు, కొడుకు మొకం మాడ్సుకుంటడు. అందుకని తీజ్ దాక అని అడ్డం పెట్టిన. గీ లోపల ఆ పిల్ల మిషన్ కొనాలె, పని జేసి సూపియ్యాలె. అప్పుడు ఎవ్వలు నోరు తెరవరు. నేను మెత్తగ మాట్లాడితె దానికి పట్టుదల రాదు, అందుకే గట్టిగ అన్న. నువ్వు చెప్పకు."

నువ్వు తీర్పు అనుకున్నావు. అది అడ్డుకట్ట.

ఎందుకు పెద్దమ్మా ఇంత తిప్పలు అని అడిగాను. పెళ్లయిన కొత్తలో ఆమెకు పుట్టింటి వాళ్లు కుట్టు మిషన్ ఇచ్చారట. ముందటి అర్రలో పెట్టుకుని నలుగురికి కుట్టి పెడదామనుకుంది. వాళ్ల అత్త వడ్ల బస్తాలు వేయించింది. మిషన్ అటుక మీదికి ఎక్కింది. "నేను గట్లనే కంచం ముంగట ఏడ్సిన. ఎవ్వలు సూడలే. ఎస్తేరు ఏడ్సినప్పుడు నేను సూసిన," అంది.

నువ్వు ఫోన్ మాట్లాడితే టీవీ సౌండ్ తగ్గిస్తుందని రాశావు కదా. ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

నీ
ఓడిన వదిన


జనగామ,
సెప్టెంబర్ రెండో వారం.

వదినా,

నీ ఉత్తరం చదివి లేచి పోయి టీవీ ఆపేశాను. "మల్ల మిషన్ ఆన్ జేసినవా?" అంది అత్తమ్మ. చేయలేదు అన్నాను. ఉత్తరం చేతిలో పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆమె కాగితం వంక, నా మొహం వంక చూసింది.

"ఆ సుజాత నోట్ల నువ్వుగింజ నానదు," అంది.

 ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. ఈసారి కంచం లేదు, అన్నం లేదు. ఆమె కాసేపు నా నెత్తి నిమిరి, "సాలు తియ్, చీర తడుస్తాంది," అంది.

మర్నాడు మీ తమ్ముణ్ని అటుక ఎక్కించి కుట్టు మిషన్ దింపించాను. తుప్పు గీకి నూనె పోస్తే తిరుగుతోంది. ఇప్పుడు అర్రలో కిటికీ దిక్కు ఆమె మిషన్, గోడ దిక్కు నాది. ప్రింటర్‌కు దుమ్ము పట్టకుండా పూల గుడ్డతో గలీబు కుట్టింది, దిండుకు కుట్టినట్టు అంచుకు కుచ్చులు కూడా పెట్టింది. నా మిషన్‌కు మీ తమ్ముడు విడిగా కరెంటు లైను గుంజించాడు. సీరియల్ ఆగడం లేదు. అందులో కోడలు కేసు వాపసు తీసుకుందట.

ఇంకొకటి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కెమెరా ముందు నిలబడని మనిషి, నిన్న తానే కుర్చీ వేసుకుని కూర్చుని, "నాది తియ్. ఈ అర్రల మొదటి ఫోటో నాదే ఉండాలె," అంది. తీశాను. ప్రింటు చేతికిస్తే వెలుతురులోకి తీసుకెళ్లి చాలాసేపు చూసుకుంది. నువ్వు సున్నం వేసిన గోడ అన్నావు చూడు, మొహం సరిగ్గా అలాగే వచ్చింది. బాగా లేదంటుందేమోనని చూస్తున్నాను.

"ముడ్తలు ఒక్కటి గూడ కనవడ్తలేదు," అంది. "గీ మిషనే మంచిది. సుజాతకేం తెలుసు."

ఆ ఫోటో గోడకు పెట్టాను. ఇంకొకటి తీస్తే, నీకు పంపే ముందు తానే నల్లా కింద పట్టి, తుడిచి, మళ్లీ పట్టి చూసి నా చేతికిచ్చింది. కవరులో ఉన్నది అదే. అంచు ఉబ్బింది ఎందుకో ఇప్పుడు నీకు తెలుసు.

డిసెంబర్‌కు నువ్వూ అన్నా ముందుగానే రండి. మందిరంలో నువ్వు నిలబడి చెప్పే మాట సరిగ్గా వినపడాలని అత్తమ్మ మొదటి వరసలో కూర్చుంటానంటోంది.

నీ
ఎస్తేరు